ఓడ ఎందుకు మునిగింది?

అన్నవరంలో పెరిగినవాళ్ళకి కళావతి కథ ఎవరూ కూచోబెట్టి చెప్పక్కర్లేదు. తొలి పావంచాల దగ్గర మా నాన్నగారిది కొబ్బరికాయలూ వ్రత సామానూ అమ్మే చిన్న కొట్టు. ఏ పని మీద కొండెక్కినా ఏదో ఒక మండపంలో వ్రతం జరుగుతూనే ఉండేది. పదేళ్ళొచ్చేసరికి ఐదు కథలూ నాకు నోటికొచ్చేశాయి. మీకూ తెలిసిన కథే. అయినా అందులో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది ఒకసారి గుర్తు చేస్తాను. నా గొడవంతా ఆ వరసతోనే.

సాధువనే వర్తకుడు సంతానం కలిగితే వ్రతం చేస్తానంటాడు. కూతురు పుట్టాక, దాని పెళ్ళికి చేస్తానంటాడు. పెళ్ళయ్యాక మర్చిపోతాడు. అల్లుడితో సహా పరాయి రాజు చెరసాలలో పడతాడు. ఇక్కడ ఇల్లు దొంగలపాలై తిండికి లేని స్థితిలో భార్యా కూతురూ ఆ వ్రతం చేస్తే మగవాళ్ళిద్దరూ విడుదలవుతారు. తిరుగు ప్రయాణంలో ఓడలో ఏముందని సన్యాసి అడిగితే ఆకులూ అలములూ అని వర్తకుడు అబద్ధమాడతాడు. సరుకు ఆకులైపోతుంది. తప్పయిందని వేడుకుంటే తిరిగొస్తుంది. చివరికి ఓడ ఊరి రేవుకి చేరిందని కబురొస్తుంది. తల్లి, నేను వెళుతున్నాను, నువ్వూ త్వరగా రా అని చెప్పి మరీ బయల్దేరుతుంది. కూతురు వ్రతం ముగించి ప్రసాదం తీసుకోకుండా పరిగెడుతుంది. ఓడా, ఓడలోని భర్తా మాయం.

కొన్నేళ్ళపాటు మాట తప్పిన తండ్రికి సరుకు పోయి మళ్ళీ వచ్చింది. ఒక్క నిమిషం తొందరపడ్డ కూతురు మాత్రం మొగుడి పాదుకలు పట్టుకుని చావడానికి సిద్ధపడాల్సి వచ్చింది. ఓడ మునగడానికి కారణం ఆ పిల్లేనని ఆకాశం నుంచి మాట వినిపిస్తే అక్కడున్న ఒక్కరూ మారు ప్రశ్న వెయ్యలేదు. చిన్నప్పుడు నాన్నని అడిగాను, ఓడకి చిల్లు పడిందా అని. "కథలో చిల్లేమిటే" అని నవ్వి ఊరుకున్నారు. ఆయన్ననడానికేం లేదు. కొట్లో రద్దీ టైమది.

ఇది భక్తి మీద విమర్శ అనుకోకండి. ఆ ప్రసాదం, అడ్డాకులో వేడిగా పెట్టే ఆ గోధుమ నూక ప్రసాదం, ఇప్పటికీ నాకు ప్రాణం. నేను మాట్లాడుతున్నది ఒక అలవాటు గురించి. ఏదైనా కూలినప్పుడు, మునిగినప్పుడు, విరిగినప్పుడు ముందుగా ఒక మనిషిని వెతకడం, ఆ మనిషి ఆడదైతే వెతుకులాట అక్కడితో ఆపెయ్యడం. మన ఇళ్ళల్లో ఇది ఎంత మామూలో మీకు వేరే చెప్పాలా? కొడుక్కి మార్కులు తగ్గితే తల్లి పెంపకం. కోడలు అడుగు పెట్టిన ఏడాది మామగారు పోతే కోడలి పాదం.

2008లో ఎంసెట్ రాసి, హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో చేరాను. విమానాల చదువు చదివితే పైలట్‌నవుతానని మా ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఎయిర్ హోస్టెస్‌నవుతానని మా పెద్దమ్మ దిగులు పడింది. రెండూ కాదనీ, విమానం ఎలా నిలబడుతుందో, ఎందుకు పడిపోతుందో తెలుసుకునే చదువనీ చెప్పి చెప్పి విసుగెత్తి మానేశాను.

మూడో ఏడాది ఒక పాఠంలో, పరీక్షకి రెండు మార్కుల ప్రశ్నగా, ఒక సంగతి చదివాను. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందానికి అనుబంధాలున్నాయి. వాటిలో 13వ దాన్ని 1951లో ఆమోదించారు. విమాన ప్రమాదాల దర్యాప్తు ఎలా చెయ్యాలో చెప్పేది అదే. ఆ దర్యాప్తుకి ఒకే ఒక్క లక్ష్యం ఉంటుంది, అలాంటి ప్రమాదం మళ్ళీ జరగకుండా చూడటం. ఎవరిది తప్పు, శిక్ష ఎవరికి అన్నవి దాని పని కాదు. వాటికి కోర్టులున్నాయి. మన దేశంలో ఈ పని కోసం ఏఏఐబీ అనే విడి సంస్థ ఏర్పడింది కూడా నేను డిగ్రీ పూర్తి చేసిన 2012లోనే. అందరూ బట్టీ పట్టి వదిలేసిన ఆ రెండు మార్కుల జవాబు దగ్గర నేను ఆగిపోయాను. మనిషిని వెతకడం పక్కన పెట్టి, ఓడకి చిల్లు ఎక్కడ పడిందని అడిగే చోటు ఒకటి ప్రపంచంలో ఉందన్నమాట!

దాన్ని నిజంగా పరీక్షించి చూసుకునే అవకాశం ఫైనలియర్ ప్రాజెక్టులో వచ్చింది.

ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్ళల్లో ఈ ప్రాజెక్టు గురించి తెలిసే ఉంటుంది. నలుగురైదుగురు ఒక బ్యాచ్. ఒక గైడ్. చివర ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు వైవా. మా రోజుల్లో అమీర్‌పేట వెళ్ళి డబ్బులిస్తే రిపోర్టూ, స్లైడ్లూ, అడగబోయే ప్రశ్నలకి జవాబులూ కట్టగట్టి ఇచ్చేవారు. మా బ్యాచ్ కొనలేదు. మేమేదో నిప్పులాంటివాళ్ళమని కాదు, ఎగిరేది ఒకటి సొంత చేతులతో చెయ్యాలని ఐదుగురికీ పిచ్చి. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలం. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 1.4 మీటర్లు, బరువు 1,200 గ్రాములు, రిమోట్‌తో నడిచే చిన్న విమానం. బాల్సా చెక్కతో రెక్క, ప్లాస్టిక్ షీటుతో ఒళ్ళు, ముక్కులో మోటారు, దాని వెనకే 200 గ్రాముల బ్యాటరీ.

పని పంపకం ఎవరూ కూచుని చెయ్యలేదు. దానంతటదే జరిగిపోయింది. లెక్కలు, డ్రాయింగులు, రిపోర్టు మా ఇద్దరివి. కొయ్యడం, అంటించడం, సోల్డరింగ్, ఎగరెయ్యడం వాళ్ళవి. దానంతటదే అన్నాను గానీ, దాని వెనక ఒక గడియారం ఉంది. క్లాసులయ్యాక వర్క్‌షాప్ మాకు దొరికేది ఐదింటికి. లేడీస్ హాస్టల్ గేటు మూసేది ఆరున్నరకి. మిగిలిన రాత్రంతా అబ్బాయిలది. చేతిపని చేతికి అలవడాలంటే పాడు చెయ్యడానికి కొంత సమయం కావాలి. గంటన్నరలో పాడు చేసుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇక్కడ అయ్యలసోమయాజుల లలిత గుర్తొస్తుంది. మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, ఒళ్ళో పాప. 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరింది. ఆడపిల్లలకి పట్టాలివ్వడం అలవాటు లేని ఆ కాలేజీ, సర్టిఫికెట్ మీద అచ్చయిన 'అతడు'ని కొట్టేసి 'ఆమె' అని రాసిందని చెబుతారు. ఆ కొట్టివేత కథ అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది, ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఏడాది పాటు శిక్షణ పొందడం. పట్టాలో సర్వనామం మార్చడానికి ఒక కలంపోటు చాలు. ఇనుము దగ్గర నిలబడే సమయం ఇవ్వడానికి గేట్లు తెరవాలి.

2012 మార్చిలో ఒక ఉదయం, కాలేజీ గ్రౌండ్‌లో మా విమానం మొదటిసారి గాల్లోకి లేచింది. రిమోట్ ఒక అబ్బాయి చేతిలో. పరుగెత్తి చేత్తో విసిరింది నేను. ముక్కు పైకెత్తి నిలువుగా లేచింది, ఒక్క క్షణం ఆగినట్టయింది, ఒక పక్కకి వాలి నేలకి గుద్దుకుంది. పట్టుమని ఐదు సెకన్లు లేదు.

మొదట వచ్చిన మాట, "నువ్వు సరిగ్గా విసరలేదు." రెండోది, "లెక్కలు మీవే కదా, ఎక్కడో తేడా కొట్టింది." చూడ్డానికొచ్చిన జూనియర్ ఒకడు మూడోది అన్నాడు: "ఫస్ట్ టైం కదన్నా, అమ్మాయి చేత ఎందుకు వేయించారు?" వాడు చెడ్డవాడు కాదు. నాకు తెలుసు, వాడికి నేనేదో వ్రతకథ చెప్పినా విని ఉండడు. అయినా సరిగ్గా అదే వాక్యం వాడి నోట్లోకి ఎలా వచ్చిందో చూడండి.

ముక్కలన్నీ పాత పేపర్లో మూటగట్టి హాస్టల్ గదికి తెచ్చుకున్నాం. రెండు సాయంత్రాలు నేలమీద పరుచుకుని కూచున్నాం. బ్యాటరీ ఉండాల్సిన చోట అంటించిన వెల్‌క్రో శుభ్రంగా, వాడనట్టు ఉంది. దానికి 12 సెంటీమీటర్లు వెనక, తోకవైపు, కొత్త జిగురుతో ఇంకో వెల్‌క్రో ముక్క ఉంది. దాని మీద బ్యాటరీ అచ్చు. అంతే, విషయం బయటపడింది.

ఇది సాహిత్యం చదివే మిత్రులకి ఒక్క ముక్కలో చెప్పాలి. విమానం బరువంతా ఒక బిందువు దగ్గర తూగుతుంది. స్కూల్లో గరిమనాభి అని చదువుకున్నాం. అది కాస్త ముందుకుంటే గాలికి ముక్కు లేచినా తిరిగి దిగుతుంది. వెనక్కి పోయే కొద్దీ ఆ గుణం తగ్గుతుంది. మొత్తం 1,200 గ్రాముల్లో 200 గ్రాములు 12 సెంటీమీటర్లు వెనక్కి పోతే గరిమనాభి 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. మా రెక్క వెడల్పు 22. అంటే 9 శాతం. మేం లెక్కల్లో అట్టిపెట్టుకున్న భద్రత 12 శాతం. లేచిన ముక్కు దిగకపోవడానికి అది చాలు. విసిరిన చేతికీ దీనికీ సంబంధం లేదు.

బ్యాటరీ జరిపిన అబ్బాయి ఏమీ దాచలేదు. "వైర్లు అడ్డొచ్చి మూత పడలేదు, వెనక్కి జరిపాను" అన్నాడు. ఎప్పుడు? ముందు రోజు రాత్రి పదకొండింటికి. మరి ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నాను. "రాత్రి పదకొండింటికి నీకు ఫోన్ చేస్తే ఎవరైనా ఏమనుకుంటారు?" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మా హాస్టల్లో పది దాటాక ఫోన్ మోగితే వార్డెన్ నిజంగానే ఎవరని అడిగేది.

ఇక్కడే నాకు ఆ పదమూడో అనుబంధం బలం అర్థమైంది. తప్పెవరిదని అడిగి ఉంటే జవాబు ఆ అబ్బాయి పేరు దగ్గర ఆగిపోయేది. ఏం జరిగిందని అడిగితే వెల్‌క్రో దగ్గర్నుంచి మూత దాకా, మూత దగ్గర్నుంచి రాత్రి పదకొండు గంటల దాకా, అక్కణ్ణుంచి ఆరున్నర గేటు దాకా వెళ్ళింది. లెక్క తెలిసిన మనిషి ఒక గోడకి ఇటు, చెయ్యి ఆడే మనిషి అటు. మధ్యలో మాట దాటడానికి దారి లేదు. మా విమానం అందుకు పడింది.

రిపోర్టులో ఆరో అధ్యాయంగా ఇదంతా రాశాను. పేర్లు లేవు. మా బ్యాచ్‌లో రెండో అమ్మాయి, నా స్నేహితురాలు, అది చదివి మండిపడింది. "వాళ్ళు నిన్ను గ్రౌండ్‌లో అందరి ముందూ వేలు పెట్టి చూపించారు. నువ్వు మాత్రం పేరు లేకుండా రాస్తున్నావు. దీన్నే మా అమ్మ సర్దుకుపోవడం అంటుంది. నువ్వు దానికి ఇంగ్లీషు పేరు పెట్టావు."

ఆ మాటకి అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె వైపు చాలా న్యాయం ఉంది. నింద వద్దు, కారణాలు చూద్దాం అనే మాట ఆడవాళ్ళు ఎన్నిసార్లు వినలేదు? కొట్టిన మొగుడి విషయంలో పెద్దమనుషులు అనేది అదే కదా: పాపం వాడికి తాగుడు, వాడికి అప్పులు, వాడి చిన్నతనం అలాంటిది. కారణాలన్నీ అతనికి, నింద ఆమెకి. అలాంటి చోట పేరు పెట్టి చెప్పడమే మొదటి న్యాయం. మన రచయిత్రులు ముప్పై నలభై ఏళ్ళుగా చేసిన పని అది. దాన్ని నేను తక్కువ చెయ్యబోను.

కానీ పేరు దగ్గర ఆగిపోతే ఏమవుతుందో విమానాల చరిత్రే చూపించింది. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో బోయింగ్ 737 మాక్స్ కూలి 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే రకం కూలి 157 మంది పోయారు. మధ్యలో ఉన్న ఆ నాలుగు నెలల పైచిలుకూ వేలు చూపించింది పైలట్ల వైపూ, వాళ్ళ దేశాల శిక్షణ వైపూ. ఒకే ఒక్క సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని నమ్మి ముక్కుని కిందకి తోసే సాఫ్ట్‌వేర్ ఆ విమానంలో ఉందనీ, మొదటి ప్రమాదం జరిగేదాకా దాని గురించి పైలట్లకిచ్చిన పుస్తకాల్లో చెప్పలేదనీ తర్వాత అందరూ ఒప్పుకోక తప్పలేదు. పేదదేశపు పైలట్ అన్న నింద తేలిగ్గా అతుక్కుంది కాబట్టే చిల్లు వెతకడానికి తొందర పడలేదని నేననుకుంటాను.

ఆడవాళ్ళకి ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్, ప్రయాణికుల విమానం గాల్లో ఢీకొని 67 మంది చనిపోయారు. నదిలోంచి శవాలు తీయడం ఇంకా పూర్తి కాలేదు. మర్నాడే ఆ దేశాధ్యక్షుడు, ఏ ఆధారమూ చూపకుండా, ఉద్యోగాల్లో వైవిధ్యం కోసం చేసే నియామకాలని వేలెత్తి చూపాడు. హెలికాప్టర్‌లో ఉన్న ముగ్గురిలో ఒకామె పైలట్. ఆమె కుటుంబం మొదట పేరు బయటపెట్టొద్దని సైన్యాన్ని కోరింది. ఈలోగా ఆ హెలికాప్టర్‌తో ఏ సంబంధం లేని ఒక ట్రాన్స్ మహిళా పైలట్ పేరు ఇంటర్నెట్‌లో తిప్పేశారు. ఆవిడ, నేను బతికే ఉన్నాను అని వీడియో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆకాశవాణికి ఆకాశం కూడా అక్కర్లేదిప్పుడు.

విజయవాడలో పెరిగిన అనీ దివ్య ముప్పై ఏళ్ళకే బోయింగ్ 777 కమాండర్ అయిందని 2017లో వార్త వస్తే మా అమ్మ పేపరు కత్తిరించి దాచింది. 2021 జూలైలో గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల రోదసి అంచుకి వెళ్ళొచ్చినప్పుడు టీవీలన్నీ 'మన అమ్మాయి' అన్నాయి. సంతోషమే. ఎక్కడైనా ఏదైనా కూలిన రోజు ఈ 'మన' ఎంతసేపు నిలబడుతుందా అని మాత్రం నాకు ఆ రోజుల్లోనూ అనుమానం వచ్చింది.

అందుకని నా స్నేహితురాలికి ఇప్పుడు చెప్పగలిగింది ఇది. నింద లేని దర్యాప్తుకీ సర్దుకుపోవడానికీ పైకి పోలిక ఉంది. తేడా రెండు చోట్ల. విమాన దర్యాప్తులో అడగకూడని ప్రశ్న ఉండదు. పైలట్‌నే కాదు, కంపెనీనీ, రూలు రాసినవాణ్ణీ, సంతకం పెట్టిన అధికారినీ అడగొచ్చు. చివరికి ఆ నివేదికని అందరి ముందూ పెట్టాలి. ఇంట్లో సర్దుకుపోయేటప్పుడు ఈ రెండూ ఉండవు. అడగడానికి కొందరే దొరుకుతారు, జరిగింది నాలుగు గోడలు దాటదు. పైగా అక్కడ శిక్ష సంగతి చూడటానికి కోర్టు అనే రెండో ఫైలు విడిగా తెరిచి ఉంటుంది. మన ఆడవాళ్ళ విషయంలో ఆ రెండో ఫైలు ఎక్కడుంది? లేనప్పుడు నింద వద్దనడం అన్యాయమే, ఆ మేరకు ఆమె మాట నెగ్గింది.

మా అధ్యాయం గైడ్ దగ్గర ఆగింది. ముందు, విఫలమైన పరీక్ష గురించి రాస్తే మార్కులు పోతాయన్నారు. అది ఒప్పించాం. తర్వాత ఒక వాక్యం కింద ఎర్ర గీత గీశారు. "టెక్నికల్ రిపోర్టులో హాస్టల్ గేటు ఎందుకమ్మా? వెల్‌క్రో దాకా రాయి, చాలు." చిత్రంగా అబ్బాయిల్లో ఇద్దరు, బ్యాటరీ జరిపిన అతనితో సహా, ఆ వాక్యం ఉండాలన్నారు. అది లేకపోతే నింద తన ఒక్కడి మీద పడుతుందని అతనికి అర్థమైందనుకుంటాను. చివరికి హాస్టల్ అన్న మాట తీసేసి ఇలా రాశాను: సాయంత్రం 6.30 తర్వాత బృందంలో ఇద్దరు సభ్యులకు వర్క్‌షాప్ అందుబాటులో లేదు. ఆ వేళల్లో జరిగిన మార్పులు వారికి తెలిసే ఏర్పాటు లేదు.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ పేజీలు తిప్పుతూ ఆ వాక్యం దగ్గర ఆగారు. "ఎవరా ఇద్దరు?" అన్నారు. మేమిద్దరం చెయ్యెత్తాం. ఆయన గైడ్ వైపు చూశారు, గైడ్ కిటికీ వైపు చూశారు. తర్వాత ఆయన గరిమనాభి మీద నాలుగు ప్రశ్నలు వేశారు. నాలుగూ నన్నే.

హాస్టల్ గేటు వేళ మారలేదు. 2015లో ఢిల్లీలో 'పింజ్రా తోడ్' అంటూ ఆడపిల్లలు హాస్టల్ వేళల మీద వీధికెక్కినప్పుడు నేను ఎం.టెక్ కూడా అయిపోయి పాఠాలు చెబుతున్నాను. మా ఊరు 2022 నుంచి కాకినాడ జిల్లాలోకి వచ్చింది. నేను మాత్రం ఇంకా తూర్పుగోదావరి అనే అంటాను. ఏడాదికోసారి వెళ్ళినప్పుడు వ్రతం దగ్గర కూచుంటే అమ్మ ముందే హెచ్చరిస్తుంది, మధ్యలో ప్రశ్నలెయ్యకు అని.

ఇప్పుడు మా పిల్లల చేత రాయించే ప్రాజెక్టు లాగ్‌బుక్కులో ఒక గడి చేర్చాను: మార్పు చేసినప్పుడు ఎవరు లేరు, ఎందుకు లేరు. ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు. ఈ ఏడాది ఒక అమ్మాయి మాత్రం, 'అమ్మకి ఒంట్లో బాగాలేక వంట చెయ్యడానికి ఇంటికి వెళ్ళాను' అని రాసుకొచ్చింది. రాసి, కొట్టెయ్యాలా అని అడిగింది. "ఇది టెక్నికల్ కారణమేనా మేడమ్?" ఆ రోజు వాళ్ళ డ్రోన్ ప్రొపెల్లర్ తలకిందులుగా బిగించారు. కొట్టెయ్యొద్దన్నాను. మార్పు చేసిన టైము కూడా పక్కన వెయ్యమన్నాను.